మెడలో కస్టోడియన్ కార్డు

నాచారంలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నేను స్టోర్ కీపర్ని. కిందటేడు ‘మెటీరియల్ కస్టోడియన్’, అంటే సరుకుల సంరక్షకుడు, అని హోదా పెంచి, మెడలో కొత్త కార్డు వేశారు. ఆ ఊపులో మంటలార్పే సిలిండర్లను కూడా, ఎవరూ పాడుచేయకుండా, స్టోర్లో పెట్టి తాళం వేశాను.

వారం తిరక్కముందే ప్యాకింగ్ సెక్షన్లో మంటలు లేచాయి. ఆపరేటర్ యాదగిరి పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, సిలిండర్ ఇయ్యి, జల్ది.”

“స్లిప్పు మీద సూపర్‌వైజర్ సంతకమేది?” అన్నాను, అలవాటు కొద్దీ.

“సార్ గా మంటల అవుతలనే ఉన్నడు. నువ్వే వొయ్యి పెట్టిచ్చుకరా.”

నేను తాళం తీసేలోపే ప్యాకింగ్ ఆడవాళ్లు ఇసుక బకెట్లతో మంటలార్పి, సార్‌ను బయటికి లాగారు.

సిలిండర్ల మీద ఇప్పటికీ చిన్న గీతైనా లేదు. ఇసుక బకెట్లు నా సంరక్షణలో లేవు కాబట్టి సార్ బతికిపోయారు.