వచ్చినవాళ్ళతోనే ఆడించిన మా కోచ్

మా కోచ్ పోయిన సంగతి నాకు మిల్టన్ కీన్స్‌లో, ఆఫీసు కార్ పార్కులో తెలిసింది. కారు ఆపి దిగబోతుంటే వాళ్ళమ్మాయి మెసేజ్ వచ్చింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, రాయడం రాదు. "అమ్మ ఈజ్ గాన్, అక్కా" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తలుపు మళ్ళీ వేసుకుని కూర్చున్నాను. పైన మీటింగ్‌కి రాలేదని మేనేజర్ ఫోన్ చేస్తే, "మా కోచ్ చనిపోయారు" అన్నాను. ఏ సెలవు కింద రాసుకోమంటావని ఆయన అడిగారు. తల్లో తండ్రో అయితే సెలవు అడగొచ్చు. కోచ్ పోయిందని ఏ సెలవు అడగాలో నాకూ తెలియలేదు.

ఆమెది విజయవాడ. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి ఆడారు. పెళ్ళయి కార్డిఫ్ వచ్చాక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరారు. ఊరి అంచున మా చిన్న కాలేజీ ఉండేది. అక్కడ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఆమె జీతం లేని కోచ్. ఈ దేశంలో కాలేజీల మ్యాచ్‌లు బుధవారం మధ్యాహ్నాలు జరుగుతాయి. ఆ ఒక్క పూట ఖాళీ చేసుకోవడానికి, వార్డులో ఎవరు ఆదివారం డ్యూటీ వద్దన్నా డ్యూటీల జాబితాలో తన పేరు వేయించుకునేవారు.

నేను మాస్టర్స్‌కి వచ్చింది, చదువయ్యాక ఉండి పనిచేసుకునే వీసా ఎత్తేసిన ఏడాది. ఊరు కొత్త, వాన కొత్త, క్లాసులో మాట్లాడే మనిషి లేదు. కొత్త విద్యార్థుల కోసం పెట్టిన స్టాల్స్ మధ్య నిలబడి అమ్మతో ఫోన్లో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నాను. ఎవరూ ఆగని ఒక బల్ల వెనక, చుడీదార్ మీద ట్రాక్‌సూట్ జాకెట్ వేసుకున్న ఒకావిడ నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగారు.

"ఏ ఊరమ్మా?"

"కర్నూలు ఆంటీ."

"ఎప్పుడైనా ఆడావా?"

"స్కూల్లో ఆడినా. టీమ్‌లోకి తీసుకునేంత రాదు."

"తీసుకునేంత వచ్చినవాళ్ళు నా దగ్గరికెందుకు వస్తారు? రేపు పొద్దున రా. హాల్లో మాత్రం ఆంటీ అనకు, కోచ్ అను. లేకపోతే మిగతావాళ్ళు నువ్వు మా చుట్టానివనుకుంటారు."

మర్నాడు వెళ్ళాను. సాయంత్రాలు హాలు మగపిల్లలకిచ్చేవారు కనక మా ప్రాక్టీసు తెల్లారకముందే ఉండేది. అక్కడ ఉన్నది ఆరుగురం. చుట్టుపక్కల పెద్ద యూనివర్సిటీలకి ఒక్కోదానికి రెండేసి టీములు, జీతాలకి కోచ్‌లు, పొడుగు పొడుగు అమ్మాయిలు. మా కెప్టెన్ బెథన్ బొగ్గు గనుల లోయ నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థి. నాకంటే పొట్టి. మాలో నిజంగా ఆట వచ్చింది లిథువేనియా నుంచి వచ్చిన ఇయేవాకి. తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు.

ఆ మొదటి నెలలోనే ఒకసారి నేను కోచ్‌ని అడిగాను, మనం వాళ్ళతో ఎట్లా గెలుస్తామని. ఆమె బంతుల్లో గాలి చూస్తూ జవాబు చెప్పారు. "పెద్ద టీముకి కావలసినవాళ్ళు వస్తారు. మనకి వచ్చినవాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళు మానకుండా చూసుకుంటే సగం గెలిచినట్టే."

చెప్పినంత పనీ చేసేవారు. బెథన్‌కి వార్డులో ట్రైనింగ్ డ్యూటీ పడితే ప్రాక్టీసు ఆ వేళకి మారేది. ఎవరైనా వరసగా రెండు రోజులు రాకపోతే ఫోన్ చేసేవారు కాదు, వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళి బెల్ కొట్టేవారు. నవంబరులో నేను దుప్పటి ముసుగేసుకుని రెండు రోజులు లేవలేదు. ఆమె వచ్చి, మంచం పక్కన కూర్చుని, జీపీ డాక్టరుకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని, తరవాత ఉప్మా చేశారు. ఆట ఊసే ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, "నువ్వు రాకపోతే ఐదుగురమే. అందరూ అలిసిపోతున్నారు" అన్నారు. నేను లేకపోతే ఎవరికైనా తెలుస్తుందని ఈ దేశంలో నాకు మొదటిసారి అనిపించింది.

మ్యాచ్‌లకి మినీబస్ ఆమే నడిపేవారు. సెవర్న్ నది వంతెన మీద గాలికి బస్సు ఊగుతుంటే వెనక వెల్ష్ పిల్లలు ప్లాస్టిక్ ఫోర్కులతో పులిహోర తింటూ, వేరుశనగపప్పు కోసం పోట్లాడుకునేవారు. నవంబరు దాకా ఒకటి గెలిస్తే ఒకటి ఓడాం. ఆ తరవాత ఎవరు ఎటు పరిగెడతారో చూడకుండానే బంతి వేయగలిగాం. అదే ఆరుగురం, అదే హాలు, రోజూ. అంతకంటే రహస్యం ఏమీ లేదు.

జనవరిలో పెద్ద యూనివర్సిటీ కోచ్ ఇయేవాని పిలిచాడు. చదువు అక్కడికి మార్చుకోవచ్చు, అక్కడ ఆడొచ్చు. ఆ పిల్ల మాకు ముఖం చూపించలేక ప్రాక్టీసుకి రావడం మానేసింది. కోచ్ ఎప్పటిలాగే వెళ్ళి బెల్ కొట్టారు. తీసుకొస్తారనుకున్నాం. ఆ పిల్ల పెట్టెలు కారులో వేసుకుని, తనని కొత్త హాస్టల్లో దింపి వచ్చారు.

బెథన్‌కి కోపమొచ్చింది. "మీరు అడిగితే ఉండేది" అంది.

"ఉండేది. నాకోసం ఉండేది. అట్లా ఉన్న పిల్ల ఆట చూడలేను" అన్నారు కోచ్. ఇయేవా చోటులోకి, బంతి పట్టుకోవడమే రాని ఒక మొదటి సంవత్సరం అమ్మాయిని ఎక్కడి నుంచో వెతికి తెచ్చారు.

పై లీగ్‌కి వెళ్ళేది ఎవరో తేల్చే చివరి మ్యాచ్ మా హాల్లోనే, ఇయేవా చేరిన టీముతోనే జరిగింది. ఆట ముగియవస్తుండగా మావాళ్ళు ఇద్దరు ఫౌల్స్ ఎక్కువై బయటికొచ్చేశారు. బెంచీ మీద ఇంకెవరూ లేరు. ఐదుగురి మీద నలుగురం. కోచ్ టైమౌట్ అడిగారు. గొంతు పెంచలేదు. "మీరు నలుగురేనని వాళ్ళకి తెలుసు. మీకు ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలుసన్నది వాళ్ళకి తెలియదు. వెళ్ళి ఆడండి" అన్నారు ఇంగ్లీషులో. నాకు మాత్రం తెలుగులో, "నీళ్ళు తాగు ముందు" అన్నారు.

ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచాం. చివరి బంతి నేను చూడకుండా వెనక్కి వేశాను, బెథన్ అక్కడే ఉంది. ఇయేవా కోర్టు దాటి వచ్చి కోచ్ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ తల నిమురుతూ ఆమె, "రెండో అడుగు ఇంకా ఆలస్యమవుతోంది నీకు" అన్నారు.

ఆ సంతోషం ఎండాకాలం దాకా కూడా నిలవలేదు. కాలేజీవాళ్ళు హాలుని క్లాసు గదులుగా మార్చారు. మగపిల్లల టీముకి ఊరి కౌన్సిల్‌వాళ్ళ ఆటల హాల్లో చోటు దొరికింది. మాకు దొరకలేదు. పై లీగ్ అంటే ప్రయాణాలు ఎక్కువ, ఆడేవాళ్ళు తక్కువ అని చెప్పి అమ్మాయిల టీమునే తీసేశారు. ఆమె ఆఫీసుకి వెళ్ళి, మాట్లాడి, తిరిగొచ్చి, బంతులు సంచీలో సర్దారు. "గెలిస్తే ఉంచుతారనుకున్నాను" అన్నారు. ఆ మాట ఆమె నోటి వెంట చిన్నపిల్ల మాటలా వచ్చింది.

నాకు మిల్టన్ కీన్స్‌లో, వీసా ఇప్పించే కంపెనీలో ఉద్యోగం దొరికింది. మిగతావాళ్ళు తలో దిక్కు పోయారు. ఆమె ఆసుపత్రి, ఇల్లు చూసుకున్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా, "మోకాలు ఎలా ఉంది, నిద్ర పడుతోందా" అని నా సంగతే అడిగేవారు. కడుపునొప్పి అని ఆమె చెప్పేనాటికి పాంక్రియాస్‌లో కాన్సర్ ముదిరిపోయింది.

చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌కి వెళ్ళి చూశాను. దిండు మీద ముఖం సగమైంది. ఆమె భర్త, అంకుల్, టీ తేవడానికి వెళ్ళినప్పుడు, "ఆ హాలు చూశావా?" అని అడిగారు.

"లేదు కోచ్."

"నేను వెళ్ళాను మొన్న వేసవిలో. గోడలు కట్టేశారు. కింద గీతలు కూడా లేవు." కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇన్నేళ్ళు చేసింది ఏదీ మిగల్లేదే" అన్నారు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అంత్యక్రియల నాడు వాన. క్రిమటోరియం బయట కారులోంచి శవపెట్టె దించబోతూ, ఎవరు మోస్తారని అక్కడి మనిషి అడిగాడు. మొదట్లో ఆడిన మేం ఆరుగురం ఒక పక్కన నిలబడి ఉన్నాం. ఎవరూ ఎవరినీ రమ్మని పిలవలేదు, మెసేజ్ చూసి ఎక్కడివాళ్ళం అక్కడి నుంచి వచ్చాం. బెథన్ నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. ఇయేవా బ్రిస్టల్ నుంచి వచ్చింది, తనూ ఇప్పుడు ఫిజియోథెరపిస్టే.

"మగవాళ్ళున్నారు కదమ్మా" అన్నారు బంధువులెవరో.

కోచ్ కూతురు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. "దే విల్ క్యారీ హర్, డాడ్" అంది. అంకుల్ మా వైపు చూసి తలూపారు.

ఆరుగురం ఆరు ఎత్తులు. పెట్టె భుజాల మీదికి రాగానే ఇయేవా వైపు లేచి, బెథన్ వైపు వాలింది. ఇయేవా మోకాళ్ళు వంచింది. గుమ్మం దాకా అలా వంగే నడిచింది, బెథన్ మునివేళ్ళ మీద నడిచింది. మూత మీద పడిన వాన చినుకులు ఎటూ జారకుండా పడినచోటే నిలిచి ఉన్నాయి.