అక్క ఇంటి జ్ఞానోపదేశం

పిల్లలకు దేవుడి పాఠం చెప్పడానికి కూర్చునే ముందు, ఆ పాఠం ఎవరి గుండెలో గుచ్చుకుంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా?

మాది కాశిబుగ్గలో మగ్గం ఇల్లు. అక్క కాజీపేట రైల్వేలో పనిచేసే కథోలికుణ్ణి ఇష్టపడి పెళ్లి చేసుకుంది, జ్ఞానస్నానం పొంది వాళ్ల మతంలో కలిసింది. నేను అప్పటికే సభల్లో దేవుణ్ణి నిలదీసి చప్పట్లు కొట్టించుకుంటున్నవాణ్ణి. అయినా మా ఇంట్లోంచి ఆమె గడప తొక్కింది నేనొక్కణ్ణే.

డెబ్బైల చివర్లో ఆమె కూతురికి నాలుగేళ్లు. "కొత్తగ కలిసినదాని బిడ్డకు జపాలేమొస్తయి" అని అత్త దెప్పుతుండేది. ఆ మాట పడలేక అక్క ఇంట్లోనే బడి మొదలుపెట్టింది, అక్షరాలూ జ్ఞానోపదేశమూ కలిపి. మా మగ్గాల దగ్గర మిగిలిన రంగు దారాలు నాతో తెప్పించుకునేది. ఊదా ఉపవాసాలుండే తపస్సు కాలానికి, తెలుపు పండుగలకు, ఆకుపచ్చ మామూలు ఆదివారాలకు. ఫాదర్ పూజలో వేసుకునే వస్త్రాలను బట్టి పాపకు రంగులు నేర్పింది.

"దేవుడు లేడని తిరిగేటోడివి, దేవుని దారం మోస్తానవు గదరా తమ్మీ!"

"దారం మాది, రంగు మాది. మీ దేవునిదేముందక్కా ఇండ్ల?"

నవ్వేది. ఆ నవ్వు కూడా ఈ బడి వల్లే తిరిగొచ్చింది. ముందటి వానాకాలంలో ఆమెకు మగబిడ్డ ఇంట్లోనే పుట్టాడు. ఊపిరి అందడం లేదు. దవాఖానకు చేరేలోపే పోతాడని మంత్రసాని తేల్చేసింది. జ్ఞానస్నానం ఇప్పించాలని బావ ఫాదర్ కోసం సైకిలెక్కాడు. ఫాదర్ ఏదో పల్లెకు పూజకు పోయాడట. బావ తిరిగొచ్చేసరికి, నేను పక్కన కూర్చుని చూస్తుండగానే బిడ్డ అక్క ఒడిలో చల్లబడ్డాడు. జ్ఞానస్నానం లేని బిడ్డ కనుక సమాధుల తోట గోడ అవతల పూడ్చారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క పాఠాలు ఎలా చెబుతోందో చూడటానికి గుడి తరఫున పాఠాలు చెప్పే ముసలి ఉపదేశి వచ్చాడు. మంచివాడు. జ్ఞానస్నానం పాఠాన్ని ఆటగా చెప్పాలని గుడ్డబొమ్మను పాప ఒళ్లో పెట్టి, చేతికి చెంబిచ్చాడు.

"తల మీద నీళ్లు పొయ్ బిడ్డా."

"నేను ఫాదర్‌ను కాదు గద తాతా!"

"పానం మీదికొస్తే ఎవలన్న పోయొచ్చు. ఫాదరే ఉండాల్నని లేదు."

దారాన్ని కండెకు చుడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. "ఎవలన్ననా?"

"ఎవలన్ననే బిడ్డా. మంత్రసాని పోసినా చెల్లుతది. నమ్మనోడైనా సరే, మంచి మనసుతోని పోస్తే చాలు."

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు నా పక్కపొంటే కూసున్నవ్ తమ్మీ. నీళ్ల కడవ గూడ ఆడనే ఉండె."

పోయిన బిడ్డ సంగతి ముసలాయనకు అప్పుడు తట్టింది. "దేవుని దయకు కొదవలేదు బిడ్డా" అని గొణిగాడు. నేను మండిపడ్డాను. "దయగల దేవుడు చెంబెడు నీళ్లు తక్కువైనయని పసిగుడ్డును గోడ అవతలికి నూకుతాడా?" ఆయన తల వంచుకున్నాడు. సభలో అయితే చప్పట్లు మోగేవి.

"నువ్వూకో" అంది అక్క. "ఆయన లెక్కల నా కొడుకు గోడ అవతల. నీ లెక్కల యాడ లేనే లేడు. నేనెటు పోవాలె?"

పాప చెంబు పట్టుకుని తల్లి మొహంలోకి చూసింది. "మన చిన్నోనికి పోసిన్రా అమ్మా?"

అక్క పాప చేతిలోంచి చెంబు తీసుకుంది. దారాలన్నీ సంచిలో కుక్కి నా చేతిలో పెట్టింది. ఇంటి బడి ఆ రోజుతో ఆగిపోయింది. జపాలు ఆ తర్వాత అత్తే నేర్పింది, దెప్పుతూనే. ఎనభైలు వచ్చాయి, పాప పెద్ద బడికి పోయింది. నేను ఎప్పుడు వెళ్లినా అక్క నోట అదే మాట: "నాకు తెల్వకపాయె తమ్మీ."

ఎవరూ చెప్పని నియమానికి తల్లిని ముద్దాయిని చేసిన చదువును నేను ఈనాటికీ క్షమించను. కానీ ఆ మధ్యాహ్నం గెలిచిన నా వాదన కూడా ఆమెకు గుక్కెడు ఊరట ఇవ్వలేదు.

మీ ఇంట్లోనో వాడలోనో అలాంటి తల్లి ఉంటే, చదవడం ఆపి లేవండి. దేవుడున్నాడా లేడా తర్వాత తేల్చుకుందాం. తప్పు నీది కాదని ఆమె ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆమె నమ్మేదాకా చెప్పండి.