పన్నుకు స్తోత్రం చెప్పకూడదట

ఆదివారం పొద్దున్న పదకొండుంపావుకి, ఆరాధన మధ్యలో, మా పాస్టరుగారు నేను రాసిన కృతజ్ఞత చీటీని సగం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. సంఘమంతా చూసింది.

మా తెలుగు సంఘంలో ఇంట్లో మంచి జరిగితే చీటీ రాసి పెట్టెలో వేస్తాం. పాస్టరుగారు అందరి ముందూ చదువుతారు, సంఘం లేచి స్తోత్రం చెబుతుంది. మా తాతలు రైల్వే పనులకి ఖరగ్‌పూర్ వచ్చిన నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఆ రోజు నా చీటీకి ముందు, ఝపటాపూర్‌లో ఉండే సంఘ సెక్రటరీ కొత్త స్కూటీ కొన్నందుకు స్తోత్రం చెప్పాం. ఒకావిడకి విశాఖపట్నం వెళ్లే రైల్లో వెయిటింగ్ లిస్టు టికెట్టు కన్ఫర్మ్ అయినందుకు చెప్పాం. ఒకాయన మోకాలి నొప్పి తగ్గినందుకు రెండుసార్లు చెప్పాం, ఆయన చీటీలు రెండు వేశాడు కాబట్టి. నా వంతు వచ్చేసరికి దేవుడికి వినే తీరిక లేకపోయింది కాబోలు.

నేను రాసింది ఇదీ: నా మనవరాలికి రాక్షసబల్లుల కాలం నాటి కొత్త జంతువు పన్ను దొరికినందుకు దేవునికి స్తోత్రము.

నా మనవరాలు ఇక్కడే కాలేజీలో రాళ్ల గురించి, వాటిలో దొరికే పాత ఎముకల గురించి పరిశోధన చేస్తోంది. గోదావరి వైపు నుంచి బస్తాల్లో తెచ్చిన ఎర్రమట్టిని నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నూకని మైక్రోస్కోపు కింద గింజ గింజగా చూడటం దాని పని. కళ్లు పోతాయే అని నేను ఎన్నిసార్లు తిట్టానో. అలా చూస్తుంటే ఆవగింజంత పన్ను కనబడింది. చుంచెలుకంత జంతువుదట. రాక్షసబల్లులు తిరిగే రోజుల్లో వాటి కాళ్ల కింద పడకుండా తప్పించుకుని, పిల్లలకి పాలిచ్చి బతికిందట. అలాంటిది ఇంతకుముందు ఎవరికీ దొరకలేదని బయట దేశాల వాళ్లు కూడా ఒప్పుకున్నాక దానికి కొత్త పేరు పెట్టారు. ఆ పేరు నాకు నోరు తిరగదు. నన్ను తీసుకెళ్లి చూపించింది. ఒక కన్ను మూసి చూశాను. వరసగా మూడు మొనలు, మధ్యది పొడుగు, ఇంకా తళతళలాడుతూనే ఉన్నాయి. అంతంత బల్లులు మట్టయిపోయాయి, ఆ గింజ మిగిలింది. దాన్ని అంతకాలం దాచి, మొదట మా పిల్ల కంటికి చూపించినందుకు స్తోత్రం చెప్పకపోతే ఇంక దేనికి చెప్పాలి?

ఆరాధన అయ్యాక నన్నూ నా మనవరాలినీ సండే స్కూలు గదిలోకి పిలిచారు. నాకు అక్షరాలు వచ్చింది ఆ గదిలోనే. యాభై దాటాక, బైబిలు సొంతంగా చదువుకోవాలని, చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని నేర్చుకున్నాను. కొన్నాళ్లుగా అక్కడ పిల్లలకి నా మనవరాలే పాఠం చెబుతోంది. దాని చేతిలోంచి ఆ తరగతి లాగేయడానికే పిలిచారని కూర్చోగానే అర్థమైంది.

సృష్టి ఆరు రోజుల్లో జరిగిందని నేర్పే చోట కోట్ల ఏళ్ల మాట రాకూడదని, ఆ పన్ను సంగతి పిల్లల ముందు ఎత్తనని ఒప్పుకుంటేనే తరగతి ఉంటుందని పాస్టరుగారు మెత్తగా చెప్పారు. గట్టిగా అరిచినా బాగుండేది. వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరైన మన స్కూటీ సెక్రటరీకి మాత్రం నవ్వొచ్చింది.

"ఎలక పన్నుకి స్తోత్రమేటి అక్కా? రేపు బల్లి తోకకి కూడా సెప్పమంటావేటి?"

"నీ స్కూటీకి సెప్పలేదా తమ్ముడూ? దాన్ని కంపెనీ సేసింది. ఈ పన్నుని ఎవులు సేసినారు, మీ వర్క్‌షాపోళ్లా?"

నవ్వు ఆగింది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు గాజులు సర్దుకుంటూ కూర్చుంది. ముందురోజు సాయంత్రం నిమ్‌పురాలో మా క్వార్టరుకి వచ్చి, మన పిల్ల మన పరువు నిలబెట్టిందని లడ్డూలు తిని వెళ్లిన మనిషి ఆవిడ.

నా మనవరాలు నెమ్మదిగా అంది: "అయ్యగారూ, పిల్లలు అడక్కపోతే నేను ఎత్తను. అడిగితే మాత్రం నేను సూసినదాన్ని లేదని సెప్పలేను."

ఆయన తరగతి బీరువా తాళంచెవి ఇచ్చేయమన్నారు. మా పిల్ల దాన్ని గుత్తిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. వందనాలు అని కూడా అంది. ఆ మర్యాద చూసి నాకు ఇంకా మండింది.

"అయ్యగారూ, నాకు అచ్చరాలు నేర్పింది ఈ గదిలోనే," అన్నాను. "సదివి తెలుసుకున్నది దాసుకోవాలని అప్పుడెవులూ సెప్పలేదు."

ఆయన ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ తల వంచి కళ్లు మూసుకున్నారు. నేను మూయలేదు.

ఇప్పుడు ఆ తరగతి సెక్రటరీ అల్లుడు చెబుతున్నాడు. పని ఎక్కువై ఆ పిల్లే మానేసిందని, ఎవరూ తీసెయ్యలేదని సంఘంలో చెప్పుకుంటున్నారు. పచ్చి అబద్ధం. ఆ గదిలో ఉన్నవాళ్లెవరో రాసి పెడుతున్నాను, కాదనేవాళ్లు నా ముందుకొచ్చి కాదనాలి. తాళంచెవి అడిగిన పాస్టరుగారు. నవ్విన సెక్రటరీ. లడ్డూలు తిన్న ప్రెసిడెంటు. తన పిల్లలిద్దరూ అదే తరగతిలో ఉన్నా గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాటైనా అనని పాస్టరుగారి భార్య. నా మనవరాలు. నేను.