మూడో కంప్యూటర్‌లోని అంచు

కొత్తచెరువులో ఒక చిన్న గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఉన్నవి నాలుగే. పొద్దున ఎవరో ఒకరు వైరస్ ఎక్కించిపోయేవారు, దాన్ని వదిలించలేక సాయంత్రం దాకా నేను చచ్చేవాణ్ని. విసిగిపోయి నాలుగింట్లోనూ ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే చాలు, జనం చేసిందంతా తుడిచిపెట్టుకుపోయి మొదటిరోజులా లేస్తుంది. అదీ చాలక, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలన్నీ పైపులకు వేసే జిగురు ముద్దతో పూడ్చేశాను. ఇదంతా కాగితం మీద రాసి గోడకు అంటించాను కూడా. చదివేదెవరు?

మూడో కంప్యూటర్ ముందు ఒక నేతగాడు కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి, ధర్మవరం షావుకార్లకు పట్టుచీరలు నేస్తాడు. చనిపోయిన వాళ్ల నాయన గీసిన చీర అంచు ఒకటి గ్రాఫు కాగితం మీద ఉండేది. అది మడతల దగ్గర పొడి అయిపోతోందని, ఎక్సెల్‌లో గడిగడికీ రంగు నింపుతూ పదకొండు రోజులు ఎక్కించాడు. చూసి మురిసిపోయానే గానీ, ఎక్కడ దాచుకుంటున్నావని ఒక్కనాడూ అడగలేదు. నా తెలివి అంతవరకే.

పన్నెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. వేసిన రంగులు మరోసారి చూసుకుంటున్న ఆయన తప్ప అందరూ లేచిపోయారు. పని దాచుకున్నావా అన్నా, అని అప్పుడడిగాను.

"దాచేదేముండాది సార్? రోజూ ఈ బటన్ నొక్కి ఆపి పోతా. పొద్దున మళ్లా నొక్కితే అంతా ఆడనే ఉంటాది."

ఆయన వేలు తెర కింది బటన్ మీద ఉంది.

అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన ఆపుతున్నది తెరను మాత్రమే. నేనేమో తెర నల్లగా కనబడితే కంప్యూటర్ ఆగిందనుకుని తాళం వేసుకుని పోయేవాణ్ని. అది ఆగలేదు కాబట్టే అంచు బతికింది. ఇక యూపీఎస్‌లో బ్యాటరీ అయిపోతే అంతే సంగతులు. మహా అయితే పది నిమిషాలు.

పోనీ కాగితం ఉంది కదా అన్నాను. లేదట. పని ముగిసిందని, ఆ పొద్దున్నే నాయన సంవత్సరీకం చేసి దాన్ని చిత్రావతిలో కలపబోయాడట. ఏట్లో నీళ్లెక్కడివి? చేతిలోనే రాలిపోతున్న ముక్కల్ని ఇసుకలో చల్లి, దండం పెట్టుకుని వచ్చాడు.

కరెంటు లేక నెట్ లేదు, ప్రింటర్ లేదు. సెల్‌ఫోన్ కలపాలన్నా ఆ రంధ్రమే దిక్కు; కీబోర్డు, మౌస్‌లవి పాతకాలపు గుండ్రటి రంధ్రాలు. స్క్రూడ్రైవర్‌తో జిగురు గీకాను, పెచ్చు కూడా లేవలేదు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది.

చివరికి ఫోన్ తీసి తెరనే ఫోటోలు కొట్టసాగాను. ఆయన గడులు కిందికి జరుపుతూ వరస అంకె చదువుతాడు, నేను కొడతాను. తొందరలో ఒకటి మసకగా వచ్చింది.

"మళ్లా కొట్టు సార్, ఆడ నెమలి మెడ ఉండాది."

మళ్లీ కొట్టాను. కూత ఎక్కువైంది. ఇంకా కొంచెం మిగిలి ఉండగానే తెర ఆరిపోయింది.

గంట తర్వాత కరెంటు వచ్చింది. కంప్యూటర్ లేచింది. ఒక్క గడి లేదు. ఆయన తెరంతా వెతికి, "దీనికి ఏమీ గుర్తుండదా సార్?" అన్నాడు. నేనే అలా పెట్టానని ఒప్పుకున్నాను. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ కంప్యూటర్‌కు జిగురు వేడిచేసి ఊడగొట్టి, పెన్‌డ్రైవ్ తెచ్చిపెట్టాను. ఆయన ఫోటోలు చూస్తూ మొదటినుంచీ మళ్లీ వేశాడు. ఫోటోలకు అందని చివరి ముప్పై వరసల దగ్గర మాత్రం కళ్లు మూసుకుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఒక్కో గడీ నింపాడు. ముగిసిన రోజు నన్ను పిలిచి, ఒక వరస మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడి దాకా నాయనది సార్. ఈడి నుంచి నాయనదో, నాదో, నాకే తెలీదు."