లేలండ్ క్రౌచ్ పారిపోలేదు

దేదీప్య వీసా ఆమెను ఉద్యోగం చేయనివ్వదు. భర్త ఉద్యోగాన్ని పట్టుకుని వచ్చిన వీసా అది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్న మొదటి ఏడాదంతా ఆమె వంటగది కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటి గరాజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టింది. హనుమకొండలో ఏడేళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి. లెక్కపెట్టకుండా ఉండలేదు. రెండో ఏడాది, జీతం లేని పనికి వీసా అడ్డురాదని తెలిసింది. నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుంటూ ఒక చిన్న ఊరి మ్యూజియానికి వెళ్లి, ఏదైనా పని ఉందా అని అడిగింది.

ఉంది. వెనక గదిలో పెట్టెల నిండా ఒక ట్యాంక్ డిస్ట్రాయర్ బెటాలియన్ కాగితాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు ట్యాంకులకు ఎదురు నిలిచి వాటిని పేల్చడమే ఆ దళం పని. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు చాలామంది అందులో చేరారు. దళంలో కంపెనీలనే భాగాలుండేవి. ప్రతి ఉదయం ఒక్కో కంపెనీ గుమస్తా ఒక కాగితం టైపు చేసేవాడు. ఎవరున్నారు, ఎవరు లేరు, లేనివాడు ఏమయ్యాడు. మార్నింగ్ రిపోర్ట్ అంటారు దాన్ని. మంచు కురిసినా, గుండ్లు కురిసినా ఆ కాగితం ఆగలేదు. ఎవరో తెలియని ఆ గుమస్తా దేదీప్యకు నచ్చాడు.

ఏడేళ్లు. మంగళవారం, గురువారం. నాలుగు వేల పైచిలుకు కాగితాలను ఆమె కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

"టెక్సస్‌లో నీకు తెలిసినవాళ్లలో సగం మంది 1945కి ముందే పోయారు దీపూ," అని భర్త రఘువీర్ ఆటపట్టించేవాడు.

"మిగతా సగం పాట్‌లక్ విందుల్లో గ్రీన్ కార్డ్ గురించి తప్ప మాట్లాడరు. వీళ్లే నయం."

ఆమె టైపు చేసిన దాంట్లోంచే ఈ వసంతంలో బెటాలియన్ చరిత్ర పుస్తకంగా వచ్చింది. వేయించింది సైనికుల పిల్లలు, మనవలు కలిసి పెట్టుకున్న సంఘం. దానికి అధ్యక్షుడు హ్యాంక్ వీలర్. సి కంపెనీ కెప్టెన్ కొడుకు. డెబ్బై ఆరేళ్లు.

పుస్తకం వచ్చిన పదో రోజున మ్యూజియం ఫోన్ మోగింది. దేదీప్య ఎత్తింది.

"నా పేరు డార్లీన్. ఎనభై రెండేళ్లు. మా నాన్న లేలండ్ క్రౌచ్, సి కంపెనీ. ఆయన పారిపోయాడని మీ పుస్తకంలో ఉంది."

"ఒక్క నిమిషం ఆగండి, చూస్తాను."

"చూడు అమ్మాయీ. ఆయన బెల్జియంలో సైనికుల శ్మశానంలో శిలువ కింద ఉన్నాడు. పారిపోయినవాడు అక్కడే ఎందుకు పడుకుంటాడో నాకు చెప్పు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "శనివారం నేను వస్తున్నాను. ఆయన పేరు పిలవకపోతే, ఎందుకు పిలవలేదో నా మొహం చూసి చెప్పాలి."

ఏటా ఒక శనివారం సంఘం కలుస్తుంది. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు కంపెనీల వారీగా చదువుతారు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్లలో ఒకరు లేచి "హియర్" అంటారు. పోయినవాడి బదులు హాజరు పలకడం. పుస్తకంలో పారిపోయినవాడిగా ఉన్నవాణ్ణి అక్కడ పిలవరు.

దేదీప్య అసలు కాగితాల స్కాన్‌లు తెరిచింది. 1944 డిసెంబర్ 18. క్రౌచ్, లేలండ్. అనుమతి లేకుండా గైర్హాజరు. టైపింగులో తప్పు లేదు. అయినా ఆమె ఆగలేదు. జనవరి అంతా తిప్పింది. ఫిబ్రవరిలోకి వచ్చింది. పదకొండో తేదీ కాగితం అడుగున ఉంది: సవరణ. డిసెంబర్ 18. క్రౌచ్, లేలండ్. గైర్హాజరు అన్నది తప్పు. యుద్ధంలో మరణించాడు.

మంచు కరిగాక శవం దొరికింది. కింద కెప్టెన్ వీలర్ సంతకం.

ఆ వరుసను తాను టైపు చేసినట్టు ఆమెకు బాగా గుర్తు. ఫైల్‌లో మాత్రం లేదు. రఘువీర్‌కు ఫోన్ చేసింది.

"నువ్వే కదా డూప్లికేట్స్ తీసేయమన్నావు," అన్నాడతను. "పేరు, నంబర్, డేట్ ఒకటే అయితే మొదటి వరుస ఉంచి రెండోది డిలీట్ చేయమని కంప్యూటర్‌కు స్క్రిప్ట్ రాశాను. మా ఆఫీస్‌లో రోజూ చేసేదే."

"సవరణ మీద పాత తేదీయే ఉంటుంది రఘూ."

అటువైపు అతను ల్యాప్‌టాప్ తెరిచిన చప్పుడైంది.

"ఎన్ని పోయాయో చూసి చెప్పు," అంది.

అరగంటకు పాత బ్యాకప్‌లోంచి లెక్క తీసి పంపాడు. ముప్పై ఒక్క సవరణలు. అందులో ఆరుగురు చనిపోయినవాళ్లు. కింద ఒక మాట రాశాడు: తప్పు నాదని చెప్పు.

ఆమె జవాబు రాసింది. "అడిగింది నేను. వచ్చింది సరిచూసుకోనిది నేను. నాదే."

శుక్రవారం హ్యాంక్ వీలర్ వచ్చాడు. టోపీ బల్ల మీద పెట్టి మొత్తం విన్నాడు. కాగితాలు తిరగేశాడు.

"పుస్తకాలు అందరికీ పంచేశాం మేడమ్. ఇప్పుడు ఒకటి మారిస్తే ప్రతి ఇంటివాళ్లూ ఒక కాగితం పట్టుకొస్తారు. వచ్చే ఏడాది వెబ్‌సైట్‌లో చూద్దాం."

"ఆవిడకు ఎనభై రెండు. వచ్చే ఏడాది ఉంటానని మీకేమైనా మాటిచ్చిందా?"

"మీరు మంచి వలంటీర్. మీరంటే మాకు గౌరవం. కానీ ఇది మా నాన్నల పుస్తకం."

నీది కాదు అని చెప్పే ఆ మర్యాద ఆమెకు కొత్త కాదు. వీసా ఆఫీసుల్లో అద్దం వెనక కూర్చున్న అధికారుల దగ్గర చాలాసార్లు విన్నది. ఆమె ఫిబ్రవరి కాగితాన్ని అతని వైపు జరిపింది.

"ఇది మీ నాన్నగారి సంతకం. గుండ్లు పడుతున్న చోట తన తప్పు తానే దిద్దుకున్నారు. మీకు ఏసీ గదిలో కష్టంగా ఉందా?"

హ్యాంక్ మొహం ఎర్రబడింది. టోపీ పెట్టుకున్నాడు. "లిస్ట్ నా దగ్గరుంది. రేపు అందులో ఉన్నవే చదువుతాను."

శనివారం కార్‌లో రఘువీర్ మెల్లగా అన్నాడు. "గొడవైతే ఇక లోపలికి రానివ్వరేమో. నీకంటూ ఉన్నది ఆ ఒక్క పనే కదా దీపూ."

"తెలుసు. ఎగ్జిట్ దాటిపోతున్నావు, చూసి నడుపు."

హాల్లో నూట ఇరవై మంది. డార్లీన్ ముందు వరసలో చక్రాల కుర్చీలో కూర్చుంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, మెడలో ముత్యాల దండ. ఎవరివైపూ చూడడం లేదు. హ్యాంక్ ఎ కంపెనీ చదివాడు. బి చదివాడు. సి కంపెనీలో తొమ్మిది పేర్లు, తొమ్మిది జవాబులు. ఫోల్డర్ మూశాడు.

దేదీప్య లేచి నిలబడింది.

"ఇంకా ఉన్నారు."

"మేడమ్, లిస్ట్ అయిపోయింది."

"లిస్ట్‌లోంచి వాళ్లను తీసేసింది నేనే. తెలియక తీశాను. తెలిసే మళ్లీ పెడుతున్నాను." మైకు లేదు. క్లాసులో వెనక బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతు అది. "సి కంపెనీ. సిపాయి లేలండ్ క్రౌచ్. 1944 డిసెంబర్ 18న యుద్ధంలో మరణించాడు. పారిపోలేదు."

డార్లీన్ లేవలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది. గొట్టం పక్కకు లాగేసి అరిచింది.

"హియర్!"

వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, తగదనుకుని ఆపేశారు. హ్యాంక్ తల వంచుకుని, "థాంక్యూ మేడమ్. ఇక కూర్చోండి," అన్నాడు.

"ఇంకా ఐదుగురున్నారు," అంది దేదీప్య. కూర్చోలేదు. కాగితం కంటికి దగ్గరగా పట్టుకుంది.

"కార్పొరల్ రే ఓల్డమ్."

ఎవరూ పలకలేదు. లిస్ట్‌లో లేని పేరుకు ఇంటివాళ్లెవరూ రాలేదు. ఆమె ఆగింది. కుర్చీల్లో జనం కదిలారు. ఎవరో దగ్గారు. జవాబు రాకుండా తర్వాతి పేరుకు పోవడం ఆ హాల్లో ఆచారం కాదు.

మళ్లీ చదివింది, ఇంకాస్త గట్టిగా.