మూడో బంతి

మా మావయ్య బయటి నుంచి వస్తే ఒక చెయ్యే కడుక్కునేవాడు. రెండోది ఎందుకు కడుక్కోరని అత్తయ్య అడిగితే, "దానికి పని ఉందే" అనేవాడు. ఆ పని ఊలుతో అల్లిన ఓ చిన్న ఎర్ర బంతి. గోళీ కంటే కాస్త పెద్దది. వేళ్ల మొదట్లో ఇరుక్కుని ఉంటుంది, చూసేవాళ్లకి ఖాళీ చెయ్యే కనిపిస్తుంది. ఆ చేత్తోనే పేపరు చదివేవాడు, ఫోను ఎత్తేవాడు, బస్సులో కమ్మీ పట్టుకునేవాడు. బంతి ఉన్న సంగతి చెయ్యి మర్చిపోవాలట. "చేతికి గుర్తుంటే మొహానికి తెలుస్తుందిరా. మొహానికి తెలిస్తే ఎదురుగా కూర్చున్న ఆరేళ్ల పిల్లకి తెలిసిపోతుంది" అనేవాడు.

ఒక పెద్ద హోటల్లో ఆయన ఉద్యోగం. సాయంత్రం పూట బల్ల బల్లకీ తిరిగి గారడీ చేస్తూ, ఆర్డరు వచ్చేలోపు జనాన్ని కూర్చోబెట్టాలి. మూడు కప్పులు, మూడు బంతులు, అంతే. బంతి ఈ కప్పు కింద పెడతాడు, ఆ కప్పు కింద ఉంటుంది. జేబులో వేసుకుంటాడు, మళ్లీ కప్పు కిందే ఉంటుంది. వెయిటర్లు ఆయన్ని బంతుల మాస్టారు అని పిలిచేవాళ్లు. వంటింట్లో ఆలస్యమైన రోజున మాస్టారికి చేతినిండా పని.

సామాను దగ్గర మాత్రం ఆయన చాదస్తం భరించలేం. కప్పులు కొనడానికి వెళ్తే షాపులో ఉన్నవన్నీ దించాల్సిందే. తేలికైతే ఎత్తినప్పుడు తడబడతాయి, బరువైతే బల్ల మీద చప్పుడు చేస్తాయి. అంచు బయటికి మడిచి ఉండాలి, చిటికెన వేలికి ఆనిక కోసం. అడుగున చిన్న గుంట ఉండాలి, బోర్లించినప్పుడు బంతి అందులో కూర్చోవాలి. ఒకదాంట్లో ఒకటి దూరిస్తే మధ్యలో ఒక బంతి పట్టేంత సందు ఉండాలి. ఆ సందులోనే ఉంది అసలు బతుకంతా.

"గ్లాసు కొంటున్నారా సార్, పెళ్లికి పిల్లని చూస్తున్నారా?" అన్నాడు షాపువాడు ఒకసారి, విసిగిపోయి.

"పిల్లనైతే ఇంత చూడలేదయ్యా. ఆవిడే నన్ను చూసింది" అన్నాడు మావయ్య.

అది నిజమే. బంతులు చేసేది అత్తయ్యే. రబ్బరు బంతి ఎగురుతుంది, చెక్క బంతి టక్కుమంటుంది, ప్లాస్టిక్ బంతి చెమట చేతిలో నిలవదు. కార్కు ముక్కని గుండ్రంగా చెక్కి, దాని మీద ఊలు అల్లాలి. మరీ బిగిస్తే జారుతుంది, వదులైతే పోగు వేలికి తగులుకుంటుంది. అత్తయ్య అల్లిన బంతి బల్ల మీద వదిలితే వదిలినచోటే ఉంటుంది, చప్పుడు ఉండదు. ఏ కొత్త ఆటైనా మొదట ఆవిడ ముందే. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, చేతిలో అల్లిక ఆపకుండానే, "ఇప్పుడు మీ చూపు పక్కకి పోయింది. దొరికారు" అనేది. ఆవిడకి దొరక్కపోతే ఇంక లోకంలో ఎవరికీ దొరకనని ఆయన లెక్క.

ఒక ఉదయం అల్లుతూ ఉండగా సూది ఆవిడ చేతిలోంచి జారిపోయింది. తీసుకుందామని వంగి, అలాగే పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. మాట నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూనే అయినా నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే ఎవరిదో చెయ్యి దాచిపెట్టమని ఇచ్చి వెళ్లినట్టు ఉండేది. మొదటి కొన్ని నెలల్లో ఎంత వస్తే అంతేనని, ఆ తర్వాత కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. 

అందుకే రోజూ ఆస్పత్రి పై అంతస్తులో వ్యాయామం చేయించే హాలుకి తీసుకెళ్లేవాళ్లం. మావయ్య ఆవిడ చెయ్యి పట్టుకుంటే, నేను సంచీ పట్టుకునేవాణ్ణి. అక్కడ చేయించే అమ్మాయికి ఇరవై అయిదేళ్లుంటాయేమో. మొదటి రోజే బల్ల మీద పెట్టిన సామాను మావయ్య చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ప్లాస్టిక్ గ్లాసులు, చిన్న బంతులు. మంచి చేత్తో బోర్లించిన గ్లాసు కాస్త ఎత్తాలి, పడిపోయిన చేత్తో బంతి తీసి దాని కిందకి చేర్చాలి.

"అమ్మా, ఈ గ్లాసు గాలికే పడిపోతుంది. ఈ బంతి నా చేతిలోనే నిలవదు, ఆవిడ చేతిలో ఏం నిలుస్తుంది?" అన్నాడు.

"అయితే మీవే తెచ్చుకోండి అంకుల్. పని చెయ్యాల్సింది వేళ్లు. గ్లాసు ఏదైతే ఏంటి?"

ఇంట్లో ఉన్న కప్పులన్నీ ఆ రాత్రి మంచం మీద పరిచాడు. మూతి వెడల్పుగా ఉండి, చెయ్యి తగిలినా పడిపోని ఇత్తడి కప్పు ఒకటి ఏరాడు. బంతులు ఆవిడ పట్టుకి మరీ చిన్నవైపోయాయి. పెద్దవి చెయ్యాలంటే అల్లేవాళ్లు లేరు. పాత బంతుల మీదే తనకి చేతనైనట్టు ఊలు చుట్టి, కొస జిగురుతో అంటించాడు.

అత్తయ్య ఎడం చేత్తో ఒకటి తీసి చూసింది. "ఇది బంతా, ఉల్లిపాయా?"

"పట్టుకో చాలు. తినక్కర్లేదు."

ఆ ఉల్లిపాయలతోనే పని మొదలైంది. రోజుల తరబడి వేళ్లు మూసుకోనేలేదు. తర్వాత మూసుకున్నాయి, తెరుచుకోలేదు. తర్వాత ఒక బంతి కప్పు కిందకి చేరింది. ఇంకొన్నాళ్లకి రెండు. మూడోది ఎప్పుడూ అంచు దగ్గరకొచ్చి జారిపోయేది. ఇంతలో ఆ అమ్మాయి, "శుక్రవారం ఒకసారి పూర్తిగా చూస్తాను ఆంటీ. ఇకముందు ఏం చెయ్యాలో అప్పుడు చెప్తాను" అంది. 

ఆ మాటకి మావయ్యకి నిద్ర పట్టలేదు. మూడూ పెట్టలేకపోతే లాభం లేదని మానిపించేస్తారనుకున్నాడు. ఆ అమ్మాయి అలా అనలేదని నేను ఎంత మొత్తుకున్నా తలకెక్కలేదు.

శుక్రవారం వచ్చింది. మొదటి బంతి వెళ్లింది. రెండోది కాసేపు తంటాలు పెట్టి వెళ్లింది. మూడోది అత్తయ్య పట్టుకుంది, ఎత్తింది, కప్పు అంచుదాకా తెచ్చింది. బంతి జారడం జీవితమంతా చూసినవాడు మావయ్య. జారబోతోందని ఆయనకి ముందే తెలిసిపోయింది.

"ఆవిడ మొహం చూడమ్మా, ఎలా చెమట పట్టేసిందో!" అన్నాడు.

ఆ అమ్మాయి అత్తయ్య మొహం చూసింది. నేనూ చూశాను. మావయ్య జేబురుమాలు తీసి నుదురు తుడిచాడు. ఒళ్లో పడిన బంతి ఎప్పుడు తీశాడో, కప్పు కిందకి ఎప్పుడు చేర్చాడో, పక్కనే నిలబడ్డ నాకే తెలియలేదు. ఆ అమ్మాయి కప్పు ఎత్తింది. మూడు బంతులు.

"ఆంటీ!" అని చప్పట్లు కొట్టింది. "ఇంక మీరు రోజూ రానక్కర్లేదు. నెలకోసారి కనిపిస్తే చాలు. మీ టైములో వేరేవాళ్లని పిలుస్తాను, పాపం ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నారు."

ఎవరైనా చప్పట్లు కొడితే మావయ్య తల వంచి నవ్వుతాడు, అలవాటు. ఆ రోజు తల వంగింది గానీ నవ్వు రాలేదు. ఆటో ఎక్కాక అత్తయ్య ఆయన వైపు తిరిగింది.

"ఎవరికి చూపించారు మీ ఆట?"

"నిన్ను మానిపించేస్తారని భయమేసిందే."

"మానిపించారుగా."

ఆయన బయటికి చూశాడు.

"రేపు వెళ్లి చెప్పండి."

"ఏమని చెప్పను?"

"నా మొహాన్ని అడ్డం పెట్టుకుని దొంగతనం చేశానని చెప్పండి."

మర్నాడు నా బండి మీద వెళ్లాం. మావయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వేసింది.

"ఇక్కడికి రావడం మానెయ్యాలంటే అందరికీ ఇలాగే భయమేస్తుంది అంకుల్. నా కళ్లతో నేను చూశాను కదా?"

"చూడలేదమ్మా. అదే చెప్తున్నా."

"మీరు ఊరికే కంగారు పడుతున్నారు."

ఇంక చేసేది లేక ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. తన కుడి చేతిని పడిపోయిన చెయ్యిలా వదిలేసి, మూడో బంతి ఒళ్లో జారవిడిచి, మాటల్లో పెట్టి, కప్పు ఎత్తాడు. మూడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నెమ్మదిగా మళ్లీ చేశాడు. అప్పటికీ కాలేదు. చివరికి అరచెయ్యి తిప్పి, బంతి ఎక్కడ ఉందో, వేలు దాన్ని ఎలా తోస్తుందో చూపించాడు. నాకు కూడా ఎప్పుడూ చూపించనిది, హాలు మధ్యలో, ట్యూబులైటు కింద.

చుట్టూ ఉన్న రోగులు వ్యాయామం ఆపేసి చూస్తున్నారు. ఒక చెయ్యి పనిచేసేవాళ్లు ఆ ఒక్క చేత్తోనే కుర్చీ మీద చరిచారు. "ఇంకోటి, ఇంకోటి" అన్నాడొక ముసలాయన, వంకర పోయిన నోటితో.

"కొట్టకండి. దయచేసి కొట్టకండి" అన్నాడు మావయ్య.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "ఎంత పని చేశారు అంకుల్" అంది. తిట్టినా బాగుండేది. అత్తయ్య టైము ఆ పొద్దునే ఒక దర్జీకి ఇచ్చేసింది. ఆయన అక్కడే ఉన్నాడు, కిటికీ పక్క బల్ల దగ్గర. మెడలో టేపు వేసుకునే వచ్చాడు. చచ్చుబడ్డ వేళ్లతో బట్టలకి పెట్టే క్లిప్పు నొక్కడానికి పెనుగులాడుతున్నాడు. మావయ్య ఆయన వైపు చాలాసేపు చూశాడు. లేచి వెళ్లమని ఏ నోటితో అడుగుతాడు?

"ఎవరైనా మానేస్తే ఫోన్ చేస్తాను. ఈలోపు ఇంట్లోనే చేయించండి" అంది ఆ అమ్మాయి. "కానీ మీరు సాయం చెయ్యకండి అంకుల్. అస్సలు."

ఆ ఫోను ఇంకా రాలేదు. డాక్టరు చెప్పిన నెలలు అయిపోవస్తున్నాయి.

రోజూ మధ్యాహ్నం అత్తయ్య బల్ల ముందు కూర్చుంటుంది, ఎదురుగా మావయ్య. సాయం చెయ్యకూడదని ఆయనకీ తెలుసు, ఆయన చేతులకే తెలియదు. ఆవిడ తడబడితే చాలు, వాటంతటవే ముందుకి వెళ్లిపోతాయి. ఒకటి రెండుసార్లు బంతి లోపలికి చేర్చేశాక గానీ చేర్చినట్టు ఆయనకే తెలియలేదు. అత్తయ్య కప్పు విసిరికొట్టింది. అప్పటి నుంచి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు. అదీ చాలక కళ్లు మూసుకుంటున్నాడు. చూస్తే ఆగలేనంటాడు.

నిన్నా అంతే. మొదటిది వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోది అంచుదాకా వచ్చింది. గదిలో చప్పుడు లేదు. ఊలు బంతి పడినా చప్పుడు ఉండదు.

"ఎక్కడుందిరా బంతి?" అన్నాడు మావయ్య, కళ్లు తెరవకుండా.

"కింద పడింది మావయ్యా" అన్నాను.