ఖాళీ కుర్చీ మీద చదరం

అతన్ని అందరూ వంకలాయన అనేవారు. బావమరిది నడిపే పాత కెమెరాల కొట్లో, వెనకగదిలో అతని బల్ల. అమ్మకానికి వచ్చిన ప్రతి కెమెరానీ అతను పరీక్షించి, కాగితం మీద వంకలు రాసి ఇవ్వాలి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టింది, సెన్సార్ మీద ధూళి ఎంత, ఫోకస్ సరిగ్గా పడుతోందా లేదా. పదకొండేళ్లలో "లోపం లేదు" అని ఒక్క కాగితం మీదా రాయలేదు. చుట్టాల పెళ్లిచూపులకు కూడా అతన్ని పిలవడం మానేశారని బావమరిది ఏడిపించేవాడు.

ఒక మధ్యాహ్నం బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి, గుడ్డసంచిలోంచి కెమెరా తీసి కౌంటర్ మీద పెట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనుక్కునే చిన్నరకం డీఎస్ఎల్ఆర్. తన చెల్లెలిదని, చెల్లెలు పోయి ఆరునెలలైందని చెప్పింది. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

వంకలాయన లెన్సు మూత తీశాడు. గీత లేదు. బ్యాటరీ గట్టిది. షట్టర్ ఆరువేల పైచిలుకు మాత్రమే కొట్టింది. వెలుతురు తగ్గించి తీస్తే బొమ్మలో కాస్త గరుకుదనం వచ్చింది కానీ, ఆ తరగతి కెమెరాకి అది మామూలే. వంక దొరక్క అతనికి చిరాకేసింది. చివరికి వెనక తెర ఆన్ చేశాడు. మనిషి ముఖం కనిపిస్తే దాని చుట్టూ తనంతట తానే చిన్న చదరం గీసే కెమెరా అది.

చదరం వచ్చింది. బల్లకి అవతల ఉన్న ఖాళీ కుర్చీ మీద.

కుర్చీ వీపు మీద మరకేదో ముఖంలా ఉందనుకున్నాడు. తువ్వాలు కప్పాడు. చదరం కదల్లేదు. కుర్చీని లాగి మూలన పెట్టాడు. చదరం అక్కడే, గాల్లో, కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో నిలబడింది. మీట నొక్కాడు. ఫొటోలో వట్టి గోడ. కన్ను ఆనించి చూసే పై కన్నంలోంచి చూస్తే ఏమీ లేదు. తెర మీదే ఉంది.

"ఒరేయ్, ఇలా రా" అని బావమరిదిని కేకేశాడు.

అతను చూసి నవ్వాడు. "సెన్సార్ తిక్కగా ఉంది బావా. ఇన్నాళ్లకి నీకు తగ్గ వంక దొరికింది, రాసెయ్."

వంకలాయన అదే రకం కెమెరా ఇంకొకటి తెచ్చి అదే లెన్సు తగిలించి చూశాడు. చదరం రాలేదు. మళ్లీ మొదటిది పట్టుకున్నాడు. ఈసారి చదరం పెద్దదిగా ఉంది. ముఖం దగ్గరికొస్తేనే చదరం పెరుగుతుందని అతనికి తెలుసు. కెమెరా కింద పెట్టి, తలుపు బార్లా తీసి, ముందుగదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడు ఆమెకి ఫోన్ చేసి పిలిపించాడు. "ఈ కెమెరా ఎందుకు అమ్ముతున్నావమ్మా?"

ఆమె సంచి బల్ల మీద పెట్టింది. "మీకూ కనపడిందా బాబాయిగారూ?"

చెల్లెలు ఊళ్లోవాళ్లందరికీ ఫొటోలు తీసేదట. ఎవరైనా తనని తీస్తానంటే మాత్రం ముఖం తిప్పుకునేదట. పోయాక దండ వేద్దామంటే ఒక్క ఫొటో దొరకలేదు. "ఆ తర్వాత కెమెరా తెరిస్తే నా కుట్టుమిషన్ పక్కన ఆ చదరం. రోజూ. ఇంట్లో నేనొక్కదాన్నే. తట్టుకోలేకపోయాను." గొంతు తగ్గించి అడిగింది, "ఇప్పుడెక్కడుంది?"

అతను కెమెరాని ఆమె వైపు పెట్టి, మడత తెరని తిప్పి చూపించాడు. ఆమె ముఖం మీద ఒకటి, ఎడమభుజం పక్కన ఇంకొకటి.

ఆమె ఏడవలేదు. పైట సర్దుకుని, బల్ల చివర కుర్చీలో నిటారుగా కూర్చుంది. "మా ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తియ్యండి."

ఫోకస్ పరీక్షకని బల్ల పొడవునా కొలత టేపు పరిచే ఉంది. మీట నొక్కాడు. ఫొటోలో ఆమె ఒక్కతే ఉంది, అదీ మసగ్గా. వెనక గోడా మసకే. టేపు మీద ఆమెకంటే జానెడు ముందు, కెమెరా వైపున్న అంకెలు మాత్రం చెక్కినట్టు స్పష్టంగా పడ్డాయి. కెమెరా పొరబడలేదు. ఆమె పక్కనుంచి ముందుకి వంగి లెన్సులోకి చూస్తున్న ముఖం ఎక్కడ ఉండాలో, సరిగ్గా అక్కడే ఫోకస్ పట్టింది.

"లోపం లేదు" అని రాసి, కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె కెమెరాని సంచిలో పెట్టుకుని తీసుకెళ్లిపోయింది.

మూడువారాల తర్వాత ఆమె ఫోన్ చేసింది. గొంతు నిదానంగా ఉంది.

"బాబాయిగారూ, పక్కన ఇప్పుడేమీ రావట్లేదు. అద్దంముందు కెమెరా పట్టుకుని నన్ను నేను చూసుకుంటే, రెండు చదరాలూ నా ముఖం మీదే పడుతున్నాయి. ఒకదాంట్లో ఒకటి."

"భయమేస్తోందామ్మా?"

"లేదండీ" అంది. ఆమె గొంతుకి దూరంగా, వెనకెక్కడో కుట్టుమిషన్ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఆ ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే. "మిషన్ ఎవరు తొక్కుతున్నారమ్మా?" అని అడగబోయి, అడగలేక, అతను ఫోన్ పెట్టేశాడు.